డాలరు పెరిగింది, నారాయణా

మగ్గం గుంటలో కాళ్లు ఆడిస్తూనే నారాయణ తెగిన పోగును చూశాడు. వెంటనే మగ్గం ఆపాడు. పక్కనున్న బూడిద చిప్పలో వేళ్లు ముంచి, ఆ బూడిదతో రెండు కొసలనూ మెలిపెట్టి అతికాడు. తెగిన పోగును వదిలేసి మరో వరుస నేయడం అతని దృష్టిలో పాపం. గద్వాలలో ఈ గుంటలోనే తండ్రి నేర్పిన మొదటి పాఠం అది. వీపు వంగిపోయినా, కళ్లద్దాల కాడ విరిగి దారంతో కట్టుకున్నా, ఆ పాఠం మాత్రం చెక్కుచెదరలేదు.

నేసేది ఒళ్లు నూలు, అంచు పట్టు ఉన్న చీర. అందులో ఒక్క పోగూ అతనిది కాదు, అంతా షావుకారు వెంకటయ్యది. ఒక్కసారైనా సొంత పట్టు కొని, సొంత చీర నేసి, ధర తానే చెప్పి అమ్మాలని అతని కోరిక. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే భార్య అనంతమ్మ కోరికా అదే.

పొద్దున్నే వెంకటయ్య వచ్చాడు. బండి దిగకుండానే గుమ్మంలోంచి కేకేశాడు.

"డాలరు పెరిగింది, నారాయణా. బయటి దేశపు పట్టు పిరమైంది. ఈ తాప కూలి పెంచుడు కాదు."

ఏళ్లుగా ఇదే మాట. డాలరు తగ్గిన రోజున మాత్రం ఆయన బండి ఈ వీధికి రాదు.

హైదరాబాదులో లెక్కల ఉద్యోగం చేసే కూతురు వర్షకు కొన్నేళ్ల కిందట ఈ మాట వినీ వినీ ఒళ్లు మండింది. "డాలరు పెరిగినప్పుడల్ల మనమే ఎందుకు మునగాలె నాయినా? నీ చీరల ఒళ్లు నూలు, అంచు పట్టు. పైసలు మాత్రం అన్నీ రూపాయలల్లనే ఎందుకు? అంచంతైనా డాలర్లల్ల ఏద్దాం" అని, బయటి దేశాల పెద్ద కంపెనీలన్నింటిలో కలిపి పెట్టే ఇండెక్స్ ఫండ్ ఒకటి అతని ఫోనులో తెరిచింది. నేత కూలిలో మిగిలిందీ, కండెల కూలీ నెలనెలా అందులోకి పోయేవి.

పోయినేడు ఎండాకాలంలో ఫోనులో అంకెలు ఎర్రబడ్డాయి. ముట్టుకోవద్దని వర్ష మరీమరీ చెప్పింది. కానీ తెగింది కనపడితే ఊరుకునే చెయ్యి కాదు నారాయణది. తగ్గిన ధరకే అంతా తీసేసి పోస్టాఫీసులో వేసుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. తర్వాత ఫండు లేచింది, డాలరూ లేచింది, దాంతోపాటు పట్టూ లేచింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

వెంకటయ్య బండి మలుపు తిరగగానే అనంతమ్మ రాట్నం ఆపింది. డాలరు మాట విని ఆమె నవ్వడం ఇదే మొదటిసారి.

"డాలరు పెరిగిందంటే మనయి గూడ పెరిగినట్టే గద! బిడ్డకు ఫోన్ చేస్త. దసరకు సొంత పట్టు తెచ్చుకుందాం."

నారాయణ తల ఎత్తలేదు. "అండ్ల లేవే."

"ఏంది లేవు?"

"పోయినేడే తీసిన. పడిపోతుంటే చూడలేకపోయిన. పోస్టాఫీసుల ఉన్నయి. పట్టుకు సాలవు."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా కండెల పైసలు గూడ ఉండె గద అండ్ల. ఒక్క మాట అడగకపోతివి" అని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం జొన్నరొట్టె పళ్లెం గుంట గట్టు మీద పెట్టింది, పిలవలేదు. అతను తినలేదు. ఎడమ రెక్క లాగుతోంది. అది మగ్గం నొప్పే అనుకుని నేస్తూ పోయాడు.

కాసేపటికి మగ్గం చప్పుడు ఆగింది. వంటింట్లో అనంతమ్మ విన్నది. పోగు తెగి ఉంటుంది, అతుక్కుంటున్నాడులే అనుకుంది. కోపం తీరక లేవలేదు. చీకటి పడుతుండగా దీపం వేయడానికి వస్తే, నారాయణ నేసిన గుడ్డ మీద నుదురు ఆనించి ఉన్నాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

దినాలు కాకముందే వెంకటయ్య వచ్చాడు. పాపం మంచి పనోడన్నాడు. చీర సగంలో ఉంది కాబట్టి వేరేవాణ్ని కూర్చోబెడతానన్నాడు. అనంతమ్మ మగ్గం వైపే చూస్తోంది.

అంచు పక్కన ఒక పోగు తెగి వేలాడుతోంది. దాని కింద బూడిద చిప్పలో రెండు వేళ్ల గుర్తులున్నాయి.