పదునంటే ఎంత?

కుందుర్పిలో రైతు సమాచార కేంద్రమంటే ఒక గది, ఒక కంప్యూటరు, కరెంటున్నంతసేపు నందిని. చుట్టుపక్కల ఊళ్ల వాన వివరాలను నగరంలోని సర్వర్‌కు పంపే ప్రోగ్రాము ఆమె రాసిందే. వాన పడిందని సర్వర్‌కు తెలిసిన ఊళ్లకే విత్తన వేరుశనగ వచ్చేది. పోయినేడు ముసలి రైతు తిమ్మప్ప ఊళ్లో వాగులూ వంకలూ పారినా సర్వర్ సున్నా చూపించింది. విత్తనం రాలేదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఈ ఏటి వివరాలకు ఆ సాయంత్రమే గడువు.

ఆ పొద్దున సర్వర్ వాళ్లు కొత్త ఫైలొకటి పంపారు. ఏ గడిలో పేరుండాలి, ఏ గడిలో తేదీ ఉండాలి, ఏ గడిలో అంకె ఉండాలి అని అందులో రాసి ఉంది. టైప్ డెఫినిషన్లంటారు వాటిని. నందిని దాన్ని ప్రోగ్రాముకు జోడించిందో లేదో, అందులో వాన లెక్క పంపే వరుస కింద ఎర్రగీత పడింది. ఇక్కడ అంకె కావాలి, నువ్వు ఇచ్చింది మాట, అని దాని భావం.

నందిని పోయినేటి కాగితం తీసి చూసింది. తిమ్మప్ప చెప్పినట్టే రాసుకుంది: "మంచి పదును." నాగలి దిగేంత తడి అని ఊరంతటికీ తెలుసు. సర్వర్‌కు తెలియక సున్నా వేసుకుంది.

వెంటనే తిమ్మప్పకు ఫోన్ చేసింది. "తాతా, వాన ఎంత పడింది?"

"మంచి పదును."

"మిల్లీమీటర్లలో చెప్పు తాతా."

"ఏమ్మా, ఆడ నగరంలో సేద్యం తెలిసినోళ్లే లేరా? మా బాయిలో కప్పలు ఈత మర్చిపోయి ఉండె. ఇప్పుడు మళ్లా నేర్చుకుంటాండాయి. అంత వాన."

"కప్పల సంగతి పక్కన పెట్టి, బడికాడ వాన కొలిచే గిన్నెలో గీత చూసి చెప్పు."

కాసేపటికి తిమ్మప్పే ఫోన్ చేశాడు. "ముప్పై ఎనిమిది. కప్పల్ని కలపలా."

నందిని ఆ గడిని అంకెకు మార్చింది. ఎర్రగీత పోయింది. గడువులోపే ముప్పై ఎనిమిది చేరినట్టు సర్వర్ జవాబిచ్చింది.

పది రోజులకు విత్తనం దిగింది. వేయించిన వేరుశనగ కాయలు తువ్వాల్లో మూటగట్టుకుని తిమ్మప్ప వచ్చాడు.

"పోయినేటి తప్పు నాదే తాతా. నీ మాటను మాటగానే పంపినా. ఈసారి సర్వర్ వాళ్ల కొత్త ఫైలు అంకె కావాలని ఆపబట్టి తెలిసింది."

"పోనీలేమ్మా. ఆ ఫైలు రాసినోళ్లెవరు?"

"ప్రసూన అని పైన పేరుండాది."

"అయితే ఆయమ్మకు జాబు రాయి. నా మాట నమ్మనోళ్లు ఊరంతా ఉండారు. నమ్మకుండా మేలు చేసింది మాత్రం నువ్వొక్కదానివే తల్లీ, అని."

నందిని అలాగే రాసింది. ఆయన పట్టుబట్టడంతో కప్పల సంగతి కూడా.