పుంజు తోక వెనక నేను

ఆగండి, ఒక్క నిమిషం కూర్చుని ఇది వినండి. నిన్న పొద్దున నన్ను టర్కీ పుంజు అనుకుని ఒక మనిషి తుపాకీ గురిపెట్టాడు. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీట తీసిన చప్పుడు నా చెవులతో నేనే విన్నాను. ఇప్పుడు బయట బండి స్టార్ట్ చేసి ఉంది. మళ్ళీ అదే అడవికి వెళ్ళాలా వద్దా అన్నది నేను తేల్చుకోవాలి. తేలడం లేదు. అందుకే మొదట్నుంచీ చెప్తాను, గబగబా చెప్తే ఏమీ అనుకోకండి.

నా పేరు నొయెమీ. మాది లూసియానాలో లఫయెట్. నా బడీ కాలేజీ అన్నీ ఆ ఊళ్ళోనే, పల్లెటూరంటే మా ఒవైడ్ మావయ్య ఊరొక్కటే తెలుసు నాకు. మా అమ్మకి అన్న. వరి వేస్తాడు, కోత అయ్యాక అవే మడుల్లో నీళ్ళు నిలిపి రొయ్యల్లాంటి క్రాఫిష్ పెంచుతాడు. వసంతం వచ్చిందంటే మాత్రం మడులూ గుర్తుండవు, మనుషులూ గుర్తుండరు. అడవిలో తిరిగే టర్కీ పుంజులే. నాకు ఈ పిచ్చి అంటించింది ఆయనే. పుంజుని రప్పించడానికి పెట్టలా ఎలా కూయాలో, చెట్టుకి వీపు ఆనించి రాయిలా ఎలా కూర్చోవాలో, పుంజు గడ్డం కనపడందే ట్రిగ్గర్ మీద వేలు ఎందుకు పెట్టకూడదో అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నిజానికి పుంజుకి ఉండేది గడ్డం కాదు, రొమ్ము మీంచి వేలాడే గట్టి వెంట్రుకల కుచ్చు. మేం దాన్ని గడ్డం అనే అంటాం.

ఇంటి దగ్గర మాకు వేట కోసం కౌలుకి తీసుకున్న అడవి, అందులో ఒక క్యాంపు ఉన్నాయి. తెల్లారకముందే ప్రతివాడూ క్యాంపు గోడ మీద తన చెట్టు పేరున్న మేకుకి తన పేరు రాసిన బిళ్ల తగిలించి వెళ్తాడు. తిరిగొచ్చి బిళ్ల తీసేదాకా ఆ చెట్టు దగ్గర్నుంచి కదలడు. మా క్యాంపులో చిన్నప్పట్నుంచీ అదే పద్ధతి. అందుకే అక్కడ ఎవరికీ ఎవరంటే భయం ఉండదు.

ఈ ఏడు మావయ్యకి కొత్త కోరిక పుట్టింది. దక్షిణ డకోటా కొండల్లో ఉండే పుంజుని కొట్టాలని. "నువ్వూ రా పిల్లా. నువ్వు కూస్తే పుంజులు రాకపోయినా కనీసం ట్రాఫిక్ పోలీసైనా వస్తాడు," అన్నాడు.

"నీ గురకకి మన క్యాంపులో ఒక పెట్ట వచ్చింది మావయ్యా. నిన్ను చూసి పాపం నిరాశపడి వెళ్ళిపోయింది."

అలా ఒకర్నొకరు ఆటపట్టించుకుంటూ, మా అత్తయ్య కట్టిచ్చిన అన్నం కూరిన సాసేజ్‌లు చల్లగానే తింటూ, రెండు రోజులు బండిలో వెళ్ళాం. చేరేసరికి ఏప్రిల్ నెలాఖర్లో మంచు కురుస్తోంది. మోటెల్ నడిపే వెర్నా మమ్మల్ని పైనించి కిందదాకా చూసింది.

"కోడి కోసం అంత దూరం నుంచి వచ్చారా? మా ఊరి కొట్లో ముక్కలు కోసి మరీ ఇస్తారే."

"కొట్లో కోడి నాకు జవాబు చెప్పదమ్మా," అన్నాడు మావయ్య.

"జవాబు చెప్పేది పుంజొక్కటే కాదు. జాగ్రత్త. మీరు పెట్టలా కూస్తే కొండ సింహాలు కూడా వింటాయి. పోయినేడు మా అల్లుడు కూస్తా కూస్తా వెనక్కి తిరిగి చూస్తే అది పిల్లిలా కూర్చుని ఉందట."

"మీ అల్లుణ్ణి చూసి భయపడి పారిపోయిందా?"

"ఆకలి లేనట్టుంది," అంది వెర్నా. నవ్వలేదు.

ఆ మాట నా మెడ వెనక అతుక్కుపోయింది. మూడు రోజులూ వదల్లేదు. మంచు, గాలి, ఎక్కుతుంటే ఊపిరి అందని కొండలు. ఎటు చూసినా ఒకేలా ఉన్న పైన్ చెట్లు. మా ఊరి వాళ్ళం కదా, నేలంటే పళ్ళెంలా ఉండాలి మాకు. ఒక్క పుంజు నోరు విప్పలేదు. మావయ్య జోకులు తగ్గిపోయాయి. తిండి తగ్గింది. రాత్రంతా మంచం కిర్రుమంటూనే ఉండేది. కళ్ళు ఎర్రబడి, లోపలికి పోయాయి.

నాలుగో రోజు పొద్దున గాలి ఆగింది, మంచు పొగ దిగింది. వాగు పక్కన ఒక లావుపాటి చెట్టు నాకు చూపించాడు. తను పైన గట్టు మీద పడిపోయిన మాను దగ్గర కూర్చుంటానన్నాడు.

"ఇక్కడ మేకులూ లేవు, బిళ్లలూ లేవు. మన మాటే బిళ్ల. నువ్వు కదలకు, నేను కదలను. నేనే వచ్చి పిలుస్తా."

"సరే మావయ్యా."

ఆ "సరే" కాసేపే నిలబడింది. వెలుగు రాగానే నా చెట్టుకి ఎదురుగా ఉన్న గడ్డి మైదానం అవతల్నుంచి గుళగుళమంటూ ఒక అరుపు. పొగ కొంచెం విడిపోయింది, చూద్దును కదా, మైదానం మధ్యలో పుంజు. తోక విప్పుకుని, రెక్కలు నేలకి రాస్తూ, తల ఎర్రగా నీలంగా వెలిగిపోతూ. మేం పిలుపు అనే చిన్న ఊదే పీకని నోట్లో పెట్టుకుని పెట్టలా కూశాను. అది అరిచింది కానీ అడుగు ముందుకి వేయలేదు. మళ్ళీ కూశాను. మళ్ళీ అరుపే, అడుగు లేదు.

నా సంచిలో ఎండబెట్టిన పుంజు తోక ఒకటి ఉంది. ఇంటి దగ్గర మేం చేసే పనే ఇది. తోకని విసనకర్రలా విప్పి ముందు పట్టుకుని, దాని వెనక పాక్కుంటూ వెళ్తాం. ఇంకో పుంజు తన చోటుకి వచ్చిందనుకుని అసలు పుంజు కోపంగా మీదికొస్తుంది. మొదటి పుంజుని నేను అలానే కొట్టాను. మా కౌలు అడవిలో అయితే మేకులు చూస్తే చాలు, ఎవరెక్కడున్నారో తెలిసిపోతుంది. ఇది గవర్నమెంటు అడవి, ఎవరైనా రావచ్చు. ఆ సంగతి నా బుర్రకి తట్టనే లేదు. తడిసిన గ్లవ్స్ పీకి పడేశాను, తోక పట్టుకున్నాను, పొట్ట మీద పాకడం మొదలుపెట్టాను.

అది చూసింది. ఉబ్బింది. నావైపు రెండు అడుగులు వేసింది. నా గుండె చప్పుడు దానికి వినపడుతుందేమో అనుకున్నాను.

అంతలో దాని తోక ముడుచుకుంది. మెడ నిటారుగా లేచింది. చూస్తున్నది నన్ను కాదు. నా వెనక్కి.

కరకర. మంచు మీద ఏదో అడుగు పెట్టింది. ఆగింది. మళ్ళీ కరకర. మళ్ళీ ఆగింది.

కొండ సింహం. ఇంకో ఆలోచన రాలేదు. మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వెనక్కి తిరిగితే దూకుతుంది, లేస్తే దూకుతుంది. కిందపడుకునే ఉన్నాను కదా, మెడ దానికి ఎంత వీలుగా ఉందో అని కూడా అనిపించింది. తుపాకీ నా కుడి పక్కన గడ్డిలో ఉంది, కానీ చెయ్యి నా మాట వినడం లేదు. కరకర. ఈసారి దగ్గర్లో. ఆగింది. ఊపిరి బిగబట్టాను, నా వెనక ఉన్నదీ బిగబట్టినట్టే ఉంది.

అప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు.

జంతువులకి సేఫ్టీ ఉండదు.

నా వెనక ఉన్నది మనిషి. ఆయనకి కనపడుతున్నది విప్పిన పుంజు తోక. దాని పక్కన చలికి ఎర్రగా కందిపోయిన నా చెయ్యి, అచ్చం పుంజు తలలా. ఏం చెయ్యాలో మాకు మొదటి రోజే నేర్పుతారు. కదలకూడదు, చెయ్యి ఊపకూడదు, గట్టిగా మనిషి మాట మాట్లాడాలి. అంతే.

నోరు తెరిచాను. అరిచాను.

పెట్ట కూత వచ్చింది.

పిలుపు నోట్లోనే ఉంది. రబ్బరు పొర ఉన్న చిన్న బిళ్ల అది, అంగిట్లో పెట్టుకుని ఊదుతాం. భయానికి నోరు ఎండిపోయి అది అంగిటికి అతుక్కుపోయింది. మళ్ళీ అరిచాను, మళ్ళీ పెట్ట కూతే వచ్చింది, ఈసారి ఇంకా అందంగా. జన్మలో అంత బాగా కూసింది లేదు నేను. కాల్చమని నేనే పిలుస్తున్నాను. చెయ్యి ఎత్తి తీద్దామంటే ఎర్ర చెయ్యి కదులుతుంది. నాలుకతో తోశాను. రాలేదు. మళ్ళీ తోశాను, గొంతులోకి జారబోయింది, వాంతొచ్చింది, ఆ వాంతితోపాటే బయటపడింది.

"మనిషిని," అన్నాను. అరుపు కాదు, గొణుగుడులా వచ్చింది. "నేను మనిషిని. నా పేరు నొయెమీ గిడ్రీ. మాది లఫయెట్. మా అమ్మ పేరు కొరిన్. మా కుక్క పేరు బీన్స్. నేను మనిషిని. మా మావయ్య పైన గట్టు మీద ఉన్నాడు. నేను మనిషిని." ఆపితే పేలుతుందని ఆపలేదు. మా వీధి పేరు చెప్పాను, మా టీచర్ల పేర్లు చెప్పాను.

వెనక తుపాకీ మంచులో పడ్డ చప్పుడు. తర్వాత ఎవరో మోకాళ్ళ మీద కూలబడ్డ చప్పుడు.

"తల్లీ," అన్నాడు మావయ్య.

తిరిగి చూశాను. ఆయనే. గట్టు మీద ఉండాల్సిన మనిషి. ముఖంలో రక్తం లేదు. రెండు చేతులూ చూసుకుంటున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"నువ్వు చెట్టు దగ్గర ఉన్నావనుకున్నా," అన్నాడు.

"నువ్వు మాను దగ్గర ఉన్నావనుకున్నా."

"అరుపు వినపడింది. నాలుగు రోజులకి ఒక్క అరుపు. కాళ్ళు వాటంతట అవే దిగాయి. నాకు నువ్వు కనపడలేదు తల్లీ. పుంజే కనపడింది. ఎర్ర తల కనపడింది. గడ్డం కనపడింది. ఒట్టు, గడ్డం చూశాకే సేఫ్టీ తీశా."

"గడ్డం ఎక్కడుంది మావయ్యా?"

ఆయన తోక వైపు చూశాడు. "ఇది మన ఊరి పుంజు తోక. అంచు గోధుమరంగు. ఇక్కడి వాటికి తెల్లగా ఉంటుంది. ఆ తేడా నీకు నేర్పింది నేనే. అదీ కనపడలేదు నాకు."

అసలు పుంజు ఎప్పుడు వెళ్ళిపోయిందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు. నేను లేవబోయాను. ఆయన పట్టుకోవడానికి చెయ్యి చాచాడు, నేను వెనక్కి జరిగాను. కావాలని కాదు. ఒళ్ళే జరిగింది. ఆయన చెయ్యి గాల్లో కాసేపు ఉండి దిగిపోయింది.

మోటెల్‌కి వచ్చాం. వెర్నా సూప్ తెచ్చి, "ఏంటి, సింహాన్ని చూశారా?" అంది. మా ముఖాలు చూసి ఆవిడ గిన్నెలు పెట్టేసి మెల్లగా వెళ్ళిపోయింది. అమ్మ ఫోన్ చేసింది. మంచు ఎక్కువగా ఉందమ్మా అన్నాను. నిద్రలో మళ్ళీ మళ్ళీ టిక్కుమనేది, లేచి కూర్చునేదాన్ని.

ఇందాక మావయ్య తలుపు కొట్టాడు. తల దువ్వుకున్నాడు, శుభ్రంగా గీసుకున్నాడు, గడ్డం కింద తెగింది. చేతిలో కాఫీ.

"ఇవాళే మనకి ఆఖరి రోజు," అన్నాడు. "ఒకే చెట్టు, ఒకే తుపాకీ, భుజం భుజం ఆనించి. తుపాకీ నీ చేతిలో. నాది వెర్నా దగ్గర పెట్టి తాళం వేయించా."

"రానంటే?"

"రానంటే ఇంటికెళ్దాం. ఒక్క మాట అనను."

"తర్వాత?"

కాఫీ కిటికీ మీద పెట్టాడు. "తర్వాత నువ్వు అడవి పేరెత్తవు పిల్లా. నేనూ ఎత్తను. నిన్ను బెదిరిస్తున్నాననుకోకు. నిన్న నువ్వు వెనక్కి జరిగావే, అది మనసులో పెట్టుకుని ఇంటిదాకా రెండు రోజులు బండి నడపాలి నేను. ఇవాళ పక్కన కూర్చుంటావేమోనని అడుగుతున్నా."

"ఇది నా కోసమా, నీ కోసమా?"

"తెలీదు," అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అది మాత్రం నాకు తెలుసు. వెళ్ళి బండిలో కూర్చున్నాడు. హారన్ కొట్టడం లేదు.

ఆయన పక్కన కూర్చోవడానికి భయమా అంటే, ఉంది. కానీ అది రెండో భయం. నలభై ఏళ్ళు అడవిలో తిరిగిన మనిషికి, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి, లేని గడ్డం కనపడింది. కావాలని బలంగా అనుకుంటే లేనిదాన్ని కళ్ళు తయారుచేసి ఇస్తాయట. ఇవాళ తుపాకీ నా చేతిలో ఉంటుంది. పొగ ఇంకా విడలేదు. ఎవరైనా రాగల అడవి అది, ఆ గడ్డిలో ఇంకెవరో పిల్ల పాకుతూ ఉండచ్చు. నాకూ ఒక పుంజు కావాలి, ఇంత జరిగాక కూడా కావాలనే ఉంది, అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. వెళ్ళకపోతే బండిలో కూర్చున్న ఆ మనిషి ఇంక నా వైపు సూటిగా చూడలేడు, నేనూ ఆయన చెయ్యి పట్టుకోలేను.

ఒక బూటు తొడుక్కున్నాను. రెండోది చేతిలో ఉంది. మీరైతే ఏం చేస్తారు?