శీనమ్మకు వచ్చిన పళ్ళు

ఉదయగిరి కొండకు ఈవలి పక్కనున్న ఆ పల్లెలో పుట్టి పెరిగిన ప్రతివాడికీ పళ్ళ మీద గోధుమరంగు గార ఉండేది. రోశమ్మకూ అంతే. ఒకసారి సంగం దగ్గర చుట్టాల పెళ్ళికి పోతే, అక్కడి ఆడవాళ్ళు "ఈమె పళ్ళు తోముకోదా ఏంది?" అని ఆమెకు వినపడేట్టే అనుకున్నారు. ఆ మాటను రోశమ్మ మరిచిపోలేదు. కూతురు శీనమ్మకయినా తెల్లటి పళ్ళు రావాలని పంతం పట్టింది. బంగారం అడిగిందా, భూములు అడిగిందా? అదేం గొంతెమ్మ కోరికా?

పిల్లకు రెండేళ్ళప్పుడు ఊళ్ళో టీకాలు వేయడానికి ఒక డాక్టరు వచ్చాడు. రోశమ్మ ఆయన్ను వదల్లేదు.

"దోషం మీ బావినీళ్ళల్లో ఉండాదమ్మా. బిడ్డను ఆ నీళ్ళు తాగనీబాక. పాలు, పెరుగు, జున్ను బాగా పెట్టు. పంటికి కావాల్సిన బలం పాలల్లో ఉండాది," అన్నాడాయన.

ఇంట్లో ఉన్న ఒక్క బర్రె పాలూ ఉదయగిరిలో కాఫీ హోటలుకు పోసేవాళ్ళు. మర్నాటినుంచి రోశమ్మ మానేసింది. మొగుడు ఆదెయ్య మండిపడ్డాడు.

"పాలన్నీ దానికే పోస్తే మనం ఏం తినాల, మన్నా?"

"నేను గంజి తాగతా. నువ్వూ తాగు. బిడ్డ జోలికి మాత్రం రాబాక."

అన్నంత పనీ చేసింది. పొద్దున పాలు, అన్నంలోకి పెరుగు, బర్రె ఈనినప్పుడల్లా జున్ను. దాహమేస్తే మజ్జిగ. ఎండలో ఆడి వచ్చినా, జ్వరంతో మూలిగినా మజ్జిగే. పొరుగింటి మాలకొండమ్మ జాలిపడి ఒకసారి పిల్లకు చెంబుతో నీళ్ళిచ్చిందని ఆమెతో మాటలు మానేసింది. బర్రె వట్టిపోయిన నెలల్లో ఇల్లిల్లూ తిరిగి పెరుగు అడిగి తెచ్చి చిలికేది. సిగ్గూ ఎగ్గూ అన్నీ గట్టున పెట్టేసింది.

శీనమ్మ పాలపళ్ళు ఊడాయి. పేడలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరారు. కొన్నాళ్ళకు కొత్త పళ్ళు సుద్దముక్కల్లా తెల్లగా పొడుచుకొచ్చాయి. రోశమ్మ ఆనందం పట్టలేక పిల్లను ఊరంతా తిప్పి, "ఇకిలించవే, చూపించు" అంటూ అందరికీ చూపించింది.

ఏడాది తిరక్కుండానే ఆ తెలుపు మీద పసుపు చారలు దిగాయి. అవి గోధుమరంగుకు తిరిగాయి. రోశమ్మ బొగ్గుతో తోమింది, ఇటుకపొడితో తోమింది, చిగుళ్ళు నెత్తురు కారి పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా తోమింది. గార వదల్లేదు. చివరికి, శీనమ్మ తర్వాత పుట్టిన చంటివాణ్ణి చంకనేసుకుని, శీనమ్మ చెయ్యి పట్టుకుని ఆత్మకూరు బస్సెక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు పిల్ల నోరు చూసి నిట్టూర్చాడు. "ఇది తోమితే పొయ్యేది కాదమ్మా. పన్ను చిగురు లోపల ఉన్నప్పుడే పట్టిన గార. ఏ నీళ్ళు తాగింది చిన్నప్పటినుంచి?"

"నీళ్ళే తాగలేదు సామీ. రెండేళ్ళ బిడ్డప్పటినుంచి చుక్క తాగనీలేదు. మజ్జిగే పోసినాను." రోశమ్మ గొంతులో ఇంకా కొంత గర్వం ఉంది.

"మజ్జిగలో నీళ్ళు కలపలేదా?"

"కలపకుండా మజ్జిగ యాడ అవుద్ది సామీ? గరిటెడు పెరుగుకు చెంబెడు..."

అంటూనే ఆగిపోయింది. డాక్టరు తల దించుకుని చీటీ రాసుకుంటున్నాడు. తిట్టినా బాగుండేది. మజ్జిగను ఆ ఊళ్ళో ఎవరూ నీళ్ళనుకోరు. అది పాడి. ఇంటి పాడిని ఏ తల్లి అనుమానిస్తుంది? ఇన్నేళ్ళూ ఆ బావినీళ్ళే తన చేత్తో బిడ్డ గొంతులో పోసింది. పెరుగు తగ్గినప్పుడల్లా ఇంకాస్త ఎక్కువగా పోసింది.

"ఈ చంటోడికేం తాపమంటారు సామీ?"

"వేరే నీళ్ళు తాపు."

"యాడుండాయి? చెరువు ఎండిపోయింది. ఊరంతటికీ ఆ బావొక్కటే."

ఆయన తరవాతి రోగిని పిలిచాడు.

ఇల్లు చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. చంటివాడు దాహానికి ఏడుస్తున్నాడు. రోశమ్మ మజ్జిగ కుండ మూత తీసి, అందులోకి చూసి, మళ్ళీ పెట్టేసింది. ఎంతసేపు నిలబడినా వాడి ఏడుపు ఆగలేదు. ఎటూ అవే నీళ్ళు కదా అని కడవలో చెంబు ముంచి తాగించింది. వాడు గటగటా తాగి, తెల్లటి పాలపళ్ళు నాలుగూ కనపడేట్టు నవ్వాడు. రోశమ్మ ఆ నోటివైపు చూడలేక మొహం తిప్పుకుంది.