డెబ్భై ఎనిమిది కిలోల మనిషి

మంచుకొండల ఊరు క్రాన్స్‌కా గోరాలో తనంతటి స్కీయర్ లేడని బోగోమిర్‌కి గట్టి నమ్మకం. పాపం, ఊళ్లోవాళ్లకే ఆ సంగతి ఇంకా తెలియదు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులు కొనడానికి వచ్చి, ఆరో అంకె నుంచి పద్నాలుగు దాకా బిగించే పందేల రకాన్నే పట్టుకున్నాడు.

దుకాణం నడిపే యెర్నేయా ఫారం ముందు పెట్టింది. బరువు దగ్గర డెబ్భై ఎనిమిది అని రాశాడు. ఆమె పట్టిక చూసింది.

"నీ బరువుకీ వయసుకీ ఐదున్నర చాలు బాబాయ్. ఇది ఆరుకంటే కిందికి దిగదు. పడ్డప్పుడు ఇది ఊడకపోతే విరిగేది నీ కాలే. మూడు నుంచి పది దాకా ఉన్నది తీసుకో."

"అది పిల్లకాయలు పెట్టుకునేది!"

"అయితే నువ్వింకా లావెక్కాలి."

బోగోమిర్ పక్కనున్న భార్య వ్లాస్తా వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించి, "తొంభై ఆరు" అన్నాడు.

"అలా చెప్పు! అయితే ఎనిమిది. ఇదే సరిపోతుంది," అంటూ యెర్నేయా స్క్రూ తిప్పసాగింది.

మూడేళ్లుగా ఆయనకోసం చప్పిడి క్యాబేజీ ఉడకబెడుతున్న వ్లాస్తా ఆ స్క్రూ వంకే చూసింది.

"మా ఇంట్లో బరువు చూసే మిషన్ డెబ్భై ఎనిమిది దాటదేంటా అనుకున్నానమ్మా. దాని వెనకా ఇలాంటిదే ఒకటుంది."