మంచు పట్టని పడవ

ఏంబ్రోస్ మామ రెండు పడవల్నీ రేవు వాలులో, దుంగల మీద పక్కపక్కన నిలబెట్టాడు. ఒకటి నీలం, ఒకటి బూడిదరంగు. రంగులు గీకేస్తే ఏది ఏదో ఆయనే చెప్పలేడు. ఒకే అచ్చులో పోసిన ఫైబర్ పడవలు, ఒకే బలమున్న మోటార్లు. ఒకటి ఆయనది, రెండోది చనిపోయిన తమ్ముడిది.

"నాకు రెండెందుకు సిరిల్? చేపలకన్నా పడవలే ఎక్కువయ్యాయి నా దగ్గర. నీకు నచ్చింది తీసుకుపో, మిగిలింది నాది," అన్నాడు మా అన్నయ్యతో.

మా పాత పడవకి మోటారు బిగించే వెనక పలక కుళ్లిపోయింది. వేసవంతా అన్నయ్య వేరేవాళ్ల పడవల్లో కాడ్ చేపలకి పోయాడు. ఇక అలా పోనని పట్టుబట్టి, ఆ మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ వాటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. తట్టాడు, ఊపాడు, వంగి అడుగు చూశాడు. నీలం పడవ మోటారు ఒక్క లాగుకే అందుకుంది. బూడిదరంగు దానిది దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, అన్నయ్య భుజం నొప్పి పుట్టాక గానీ లేవలేదు.

"ఇంకా చూసేదేముంది? నీలమే," అన్నాడు.

"మోటారు బాగుచేయించుకోవచ్చు అన్నయ్యా. పడవని చూడు."

"చూస్తూనే ఉన్నాగా?"

"పొద్దున బట్టలారేయడానికి ఇటు వచ్చినప్పుడు బూడిదరంగు దాని బల్లల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. నీలం దాని బల్లల మీద చిటికెడు కూడా లేదు."

"మంచిదేగా! కూర్చుంటే నా పిర్రలు గడ్డకట్టవు."

ఏంబ్రోస్ మామ బోసినోటితో గట్టిగా నవ్వాడు. నేను ఆయన గోడ పక్కనున్న వాననీటి పీపా చూపించాను.

"దాన్నీ చూశాను మామా. నీళ్లు లేని పైభాగమంతా మంచు పట్టింది. లోపల నీళ్లున్నంత మేర పట్టలేదు. నీళ్లు పగటి వేడిని అంత తొందరగా వదలవు కదా. నీలం పడవ బల్లల కింద కూడా నీళ్లున్నాయేమో."

ఆ పడవలు మునగకుండా బల్లల కింద థర్మోకోల్ లాంటి దిమ్మలు నింపి మూసేస్తారు. ఎక్కడో సన్నటి పగులు పడి వాననీరు దిగితే ఆ దిమ్మలు తడిసి బరువెక్కుతాయి. పైకి ఏమీ తెలియదు.

"విన్నావా మామా? మా ఎఫీ పీపాని చూసి పడవ బేరం చేస్తుంది," అన్నాడు అన్నయ్య.

"పెళ్లికొడుకుని కూడా అలాగే చూస్తుందేమో, అందుకే ఇంకా ఇంట్లోనే ఉంది," అన్నాడు మామ.

నాకు తోచింది చెప్పాను. రెండోసారి చెప్పడం నాకు అలవాటు లేదు.

అంతలో మామ భార్య ఆలివ్ అత్త గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి కేకేసింది. "సిరిల్! విల్ఫ్ ఫోను చేశాడు! వాడి మోటారు చచ్చిపోయిందట. పక్క రేవుకి ఎవరో లాక్కెళ్తున్నారట. ఆడవాళ్లని మిమ్మల్నే తెచ్చుకోమంటున్నాడు!"

ఆడవాళ్లంటే మా అమ్మ, రూబీ వదిన. నేల మీద పాకే పొదల్లో కాసే ఎర్రపళ్లు ఏరడానికి పొద్దున విల్ఫ్ పడవలో గల్ దీవికి వెళ్లారు. చేపల నుంచి తిరిగొస్తూ ఎక్కించుకొస్తానని వాళ్లని దింపి వెళ్లాడతను.

ముగ్గురం ఒక్కసారే తలెత్తి గాలి చూశాం. మధ్యాహ్నం దాకా ఆకు కదల్లేదు. ఇప్పుడు ఆలివ్ అత్త ఆరేసిన దుప్పట్లు పడమటికి ఎగురుతున్నాయి. తూర్పుగాలి, వెంట వాన తెచ్చే గాలి. గల్ దీవి మీద పడవ ఆనే చోటు ఒక్కటే, అదీ తూర్పు ముఖాన. అలలు ముదిరితే ఎవరూ దిగలేరు, ఎక్కలేరు. పైన గుడిసె లేదు, చెట్టు లేదు. అమ్మకి పోయిన చలికాలం ఊపిరితిత్తులకి జబ్బు చేసి చావు తప్పింది. వానలో ఒక్క రాత్రి ఆ బండల మీద ఉంటే ఈసారి తప్పదు.

రేవులో ఇంకో పడవ లేదు. అందరూ చేపలకి పోయారు. పెట్రోలున్న ట్యాంకు కూడా ఒక్కటే. అన్నయ్య దాన్ని నీలం పడవలోకి ఎత్తుతున్నాడు.

"అన్నయ్యా, బూడిదరంగుది తీసుకెళ్దాం."

"నడిమధ్యలో అది ఆగిపోతే నీ మంచు వచ్చి తోస్తుందా?"

అతని మాటా తప్పు కాదు. ఆ మోటారు దగ్గడం నేనూ విన్నాను.

ముగ్గురం పడవని నీళ్లలోకి తోశాం. ఏంబ్రోస్ మామ నడుం పట్టుకుని ఆయాసపడ్డాడు. "అచ్చం మా తమ్ముడిలాగే. కూర్చుని కూర్చుని ఒళ్లు చేసింది," అన్నాడు. అన్నయ్య వినలేదు. నేను ఎక్కి ముందు బల్ల మీద కూర్చున్నాను.

వెళ్లేటప్పుడు బాగానే వెళ్లింది. మోటారు ఒక్కసారి కూడా తడబడలేదు. అన్నయ్య నావైపు చూసి కనుబొమలెగరేశాడు. కానీ ప్రతి అలకీ పడవ ముక్కు పైకి లేస్తే, వెనక భాగం దానితోపాటు లేవకుండా నీళ్లని అంటుకునే ఉంటోంది.

దీవి దగ్గరికొచ్చేసరికి అలలు బండల మీద తెల్లగా విరుగుతున్నాయి. అమ్మా వదినా పళ్ల బకెట్లు వరసగా పెట్టుకుని, తల మీద గుడ్డలు గట్టిగా కట్టుకుని నిలబడ్డారు.

"విల్ఫేడిరా? ఇదెవరి పడవ?" అని అరిచింది అమ్మ.

"మనదే అనుకో! ఎక్కు ముందు!"

"ఈ రంగేంట్రా, ఆస్పత్రి గోడలా!"

నేను బండ మీదికి దూకి తాడు పట్టుకున్నాను. అల తగ్గినప్పుడు వదిన ఎక్కింది. తరవాతి అల తగ్గేదాకా ఆగి, అమ్మని చంకల కింద పట్టుకుని అందించాను. అమ్మ బల్ల మీద కూర్చోగానే పడవ వెనక భాగం దిగబడింది. మోటారున్న చోటునుంచి నీళ్లు ఒక్కసారిగా లోపలికి పొర్లాయి. వదిన డబ్బా తీసుకుని తోడసాగింది.

"ఎక్కవే! ఏం చూస్తున్నావ్?" అన్నాడు అన్నయ్య.

"నువ్వు వెనక్కి చూడు."

"చూశాలే. ఆ బకెట్లు వదిలేసి నువ్వెక్కు."

"బకెట్లు ఇంకా పడవలో లేవు అన్నయ్యా. ఇక్కడే ఉన్నాయి."

అన్నయ్య బండ మీది బకెట్లని చూశాడు. పడవలో ఉన్నది తనూ, బక్కపలచటి ఇద్దరు ఆడవాళ్లూ. అతని వెనక నీటికీ పడవ అంచుకీ మధ్య బెత్తెడు జాగా మిగిలింది. అది కూడా అల రానప్పుడు.

నేను తాడు పడవలోకి విసిరేశాను.

"ఎఫీ!"

"వాళ్లని దింపి రా. రెండో దాంట్లో రా."

"పిల్లని బండ మీద వదిలేసి పోతావురా?" అమ్మ లేవబోయింది. పడవ ఒరిగి ఇంకాస్త నీళ్లు తాగింది. వదిన అమ్మని నడుం పట్టి కూలేసి, "కదిలావంటే అందరం పోతాం అత్తయ్యా!" అని అరిచింది. వదిన అమ్మని గద్దించడం నేను ఎప్పుడూ వినలేదు. అమ్మ కూర్చుండిపోయి, ఒడిలోని బెల్లపు రొట్టెల మూట నావైపు విసిరింది. అది బండకి తగిలి నా కాళ్ల దగ్గర పడింది.

అన్నయ్య పళ్లు బిగించి పడవని తిప్పాడు. "గాలి తగలని చోట కూర్చో," అన్నాడు. రెండో పడవ మాట ఎత్తలేదు.

పడవ కొండ మలుపు దాటేదాకా చూస్తూనే ఉన్నాను. అలల మధ్య దిగినప్పుడల్లా వాళ్ల తలలు మాత్రమే కనిపించాయి. వదిన చెయ్యి ఆగకుండా నీళ్లు తోడుతోంది. మలుపు దాటాక ఏమీ కనబడలేదు.

బకెట్లన్నీ పెద్ద బండ వెనక్కి చేర్చాను. రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాళ్లు చేరారో లేదో తెలిసే దారి లేదు. చేరి ఉంటే అన్నయ్య వెంటనే వెనక్కి తిరుగుతాడు, అది నాకు తెలుసు. కానీ దేంట్లో? మొండివాడు. మోటారు బాగుంది కదా అని అదే పడవలో వస్తాడేమో. వెలుతురు తగ్గుతోంది. ఇందాక నేను నిలబడి తాడు పట్టుకున్న బండ మీదుగా ఇప్పుడు అలలు దాటిపోతున్నాయి. ఆ అలల్లో వెనక్కి దిగబడే పడవని ఇక్కడ తిప్పితే, ఒక్క అల చాలు. అతనూ నేనూ ఇద్దరం పోతాం. బూడిదరంగుది తేవాలంటే ట్యాంకు మార్చాలి, ముసలాయనతో కలిసి తోయాలి, ఆ దగ్గే మోటారుని లేపాలి. చీకటి పడేలోపల అవుతుందా?

వాన మొదలైంది. మలుపు దగ్గర వానా నీళ్లూ కలిసిపోయాయి. ఏ రంగు పడవ వచ్చినా తెలిసేలా లేదు.

ముందు చప్పుడు వినబడింది. సన్నగా, గాలికి తెగుతూ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. చప్పుడు దగ్గింది. ఆగిపోయింది.

అంత భయంలోనూ నాకు కన్నీళ్లొచ్చాయి. ఆ దగ్గు నేను ఎరిగిందే. అన్నయ్య దాన్నే తెచ్చాడు. అలలు దాన్ని బండలవైపు నెడుతున్నాయి, అన్నయ్య వంగి మోటారు తాడు లాగుతున్నాడు. లాగాడు. మళ్లీ లాగాడు. పడవ ప్రతి అల మీదికీ వెనకా ముందూ ఒక్కసారే లేస్తోంది, నీటి పిట్టలా. లోపల చుక్క పడట్లేదు. బండలకి పడవ పొడవంత దూరంలో మోటారు అందుకుంది.

"అమ్మ?" అని అరిచాను.

"ఇంట్లో ఉంది! నన్ను తిడుతోంది! ఎక్కు!"

పడవని అలకి ఎదురుగా నిలబెట్టి, మోటారు పిడి మీద నుంచి చెయ్యి తియ్యకుండా రెండో చెయ్యి చాచాడు. నేను దూకబోయాను.

"ఉండు. ముందు బకెట్లందించు."

"బరువవుతుందేమో అన్నయ్యా."

అతను నా మొహం చూడలేదు. వెనక బల్లని అరచేత్తో ఒకసారి తట్టాడు.

"ఇది మోస్తుందిలే. కానియ్, కానియ్, మళ్లీ దగ్గుతోంది."