గింజలు ఉచితం

గింజల ప్యాకెట్టు నలభై. అది మీ ఇంటికి రావడానికి తొంభై. ఈ లెక్క విని ఫోన్లో తిట్టేవాళ్లు రోజుకి కొందరైనా ఉంటారు. ఫోన్లు ఎత్తే అమ్మాయి బల్ల నా ప్యాకింగు బల్ల పక్కనే కాబట్టి ఆ తిట్లన్నీ నాకూ వినపడతాయి. "షిప్పింగు, హ్యాండ్లింగు అండీ" అని ఆ పిల్ల గొంతులో తేనె పోసుకుని చెబుతుంది. "గింజలు పంపుతున్నారా, ఏనుగుని పంపుతున్నారా" అని అవతలివాళ్లు అడుగుతారు.

షిప్పింగు అంటే కొరియర్ వాడికి పోయేది. హ్యాండ్లింగు అంటే చేతుల పని. గింజలు తూచడం, పొట్లంలో పోయడం, తేమ లాగే గుళికల సంచీ ఒకటి వేయడం, మూతి అంటించడం. గాలికి సన్నగింజలు ఎగిరిపోతాయని మా గదిలో ఫ్యాను కూడా వేయనివ్వరు. చెమట గింజల మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంటూ ఆ పనంతా చేసే చేతులు నావి. హ్యాండ్లింగు పేరుతో వసూలయ్యేదాంట్లో నాకెంత ముడుతుందని మాత్రం అడగకండి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

కంపెనీ మా మావయ్యది, అంటే అమ్మ సొంత తమ్ముడిది. గేటు బయట మావయ్య, గేటు లోపల సార్. ఈ ఏర్పాటు నాకు ఉద్యోగం ఇచ్చిన రోజునే ఆయన చెప్పాడు. "చుట్టరికం బయట చెప్పులతో పాటు వదిలేసి రావాలమ్మా" అని నవ్వాడు కూడా. నేనూ నవ్వాను. అప్పట్లో నాకు అది హాస్యంలాగే వినపడింది.

ఈ కంపెనీ ఒక రేకుల షెడ్డులో మొదలైంది. మొదటి సరుకుల్లో మా ఇంటి చిక్కుడు ఒకటి. కాయ అంచున సన్నటి ఎర్రగీత ఉండే తీగ చిక్కుడు అది. అమ్మ పుట్టింటి నుంచి చేతిరుమాల్లో మూటగట్టి తెచ్చుకుంది. పెంచింది నాన్న. వీధిలో నాన్న అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరికీ ఆయన చిక్కుడాయనే. అడిగినవాళ్లకి కాయలు గంపెడు ఇచ్చేవాడు కానీ గింజ ఒక్కటి కూడా ఇచ్చేవాడు కాదు. "గింజ ఇస్తే రేపు అందరూ చిక్కుడాయనలే" అనేవాడు. అలాంటి మనిషి బావమరిది కంపెనీ పెడుతున్నాడంటే సగం డబ్బా గింజలు తనే భుజాన వేసుకుని వెళ్లి ఇచ్చొచ్చాడు. మావయ్య వాటి బొమ్మని మొదటి కేటలాగు అట్ట మీద వేశాడు. ఏటికేడు ఆ బొమ్మ లోపలికి జరుగుతూ జరుగుతూ చివరి పేజీకి చేరింది.

పోయినేడు అమ్మ పోయింది. ఆ బాధలో ఇంట్లో ఎవరమూ దేన్నీ పట్టించుకోలేదు. మళ్లీ విత్తే రోజులు వచ్చాక నాన్న అటక మీద నుంచి గింజల డబ్బా దించాడు. మూత తీయగానే పిండి రేగింది. ఒక్కో గింజకీ సూదితో పొడిచినట్టు కన్నం, లోపల డొల్ల. నాన్న చేతిని డబ్బా అడుగుదాకా పోనిచ్చి కెలికాడు. గట్టి గింజ ఒక్కటి తగల్లేదు.

"బూడిద కలపలేదా?" అన్నాను.

"బూడిదేంటి?" అన్నాడు నాన్న.

నిజంగానే ఆయనకి తెలియదు. ఏటా నాన్న గింజలు ఎండబెట్టి, డబ్బాలో పోసి, మూత పెట్టి, పనయిందని చేతులు దులుపుకునేవాడు. ఆయన పెరట్లోకి వెళ్లగానే అమ్మ మూత తీసి, జల్లించిన బూడిద కలిపి, మళ్లీ మూత పెట్టేది. ఇన్నేళ్లుగా గింజలకి పురుగు పట్టకపోవడం తన ఎండబెట్టడంలోని గొప్పే అని ఆయన నమ్మకం. అమ్మ ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు. చెప్పి ఉంటే ఏం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు. నాన్న ఆ పిండి అంటిన చేతిని కడుక్కోకుండా చాలాసేపు గడప మీద కూర్చున్నాడు.

మర్నాడు పనిలోకి వెళ్లగానే గింజల అల్మారా వెతికాను. ఎర్రంచు చిక్కుడు అరలో ఒకే ఒక ప్యాకెట్టు ఉంది. మా కంపెనీకి దాన్ని పండించే రైతు పోయినేడు వేయలేదట, గిరాకీ లేదని వచ్చే కేటలాగులోంచి తీసేస్తున్నారట. అంటే నాకు తెలిసినంతలో అమ్మ చిక్కుడు ఈ భూమ్మీద మిగిలి ఉన్నది ఆ పొట్లంలోనే.

జేబులో వేసుకుని వెళ్లిపోయే వీలు లేదు. సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ జేబులు, టిఫిన్ బాక్సులు తెరిచి చూస్తాడు. అందుకని ప్యాకెట్టు పట్టుకుని సరాసరి మావయ్య గదికి వెళ్లి విషయమంతా చెప్పాను. డబ్బా మాట వినగానే ఆయన ముఖం పాలిపోయింది.

"మొత్తం పుచ్చిపోయాయా?"

"పిండి మిగిలింది సార్."

"అయ్యో. మా అక్క ఉంటే ఇలా కానిచ్చేదా" అన్నాడు. తర్వాత తేరుకుని, "చేతికిస్తే బావుండదమ్మా. రేపు ప్రతివాడూ మా నాన్న, మా తాత అని పట్టుకుపోతాడు. పద్ధతిగా కొరియర్లో పంపిద్దాం. బావ దగ్గర గింజలకి డబ్బు తీసుకుంటానా, అది కొట్టేయమంటాను" అన్నాడు.

ఇంత మంచివాడిని మేనమామగా ఇచ్చినందుకు అమ్మని తలచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాను. గుళికల సంచీలు ఒకటికి రెండు వేశాను. పార్సిల్‌ని పంపే కౌంటర్లో ఇచ్చేశాను. బిల్లు చీటీ అక్కడి మిషన్ కొడుతుంది, అది మా బల్ల దాకా రాదు. ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను, ఒకే ఒక్క ప్యాకెట్టు ఉందని, మావయ్య పంపిస్తున్నాడని. నాన్న పెరట్లో మట్టి తవ్వి, పెంట కలిపి, పందిరి కర్రలు పాతి పెట్టాడు. అమ్మ పోయాక ఆయన పెరట్లోకి దిగడం అదే మొదలు.

తర్వాతేం జరిగిందో పార్సిల్ రావాల్సిన రోజు సాయంత్రం ఇంటికి వచ్చాక తెలిసింది.

"వచ్చిందా నాన్నా?"

"వచ్చింది. తిప్పి పంపేశాను."

నేను చెప్పులు కూడా విప్పలేదు. "ఎందుకు?"

"గింజలు ఉచితమట, షిప్పింగు, హ్యాండ్లింగు తొంభై కట్టి తీసుకోవాలట."

"ఇంట్లో లేవా తొంభై?"

"లేక కాదు." నాన్న గొంతు పెంచలేదు. "మీ అమ్మ ఆ గింజల్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మోత కూలి అడిగిందా నన్ను? వాడి షెడ్డుకి సగం డబ్బా నేను మోశాను. నేనడిగానా? నా ఇంటి గింజ నా ఇంటికి రావడానికి వాడికి నేను కూలి కట్టాలా?"

"అది ఆఖరి ప్యాకెట్టని చెప్పాను కదా నాన్నా."

"చెప్పావు. వాడికీ తెలుసుగా ఆఖరిదని."

నా ఒళ్లు మండిపోయింది. అన్నం పెట్టుకోకుండా పడుకున్నాను. మావయ్య గింజల ధర కొట్టేయమన్న మాట నిజం. మిగతాది మిషన్ తనంతట తనే వేసుకుంది. దాన్నీ కొట్టేయమని మావయ్య చెప్పలేదు. మరిచిపోయాడా, గుర్తుండే ఊరుకున్నాడా అన్నది ఆయనకే తెలియాలి. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. గింజల మధ్య బూడిదలాగే అమ్మ వాళ్ల మధ్యా ఉండేది, ఉన్నన్నాళ్లూ ఎవరికీ కనపడలేదు. ఆవిడ ఉంటే తొంభై తను కట్టి, తమ్ముడు పంపాడని నాన్నకి, బావ మెచ్చుకున్నాడని తమ్ముడికి చెప్పి ఊరుకునేది.

తిప్పి పంపిన పార్సిళ్లకి మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరి గుమ్మంలో ఎంత ఎండకి, తేమకి పడి ఉన్నాయో తెలియదు కాబట్టి మళ్లీ అమ్మరు. చెత్తలో పోస్తే ఎవడో ఏరుకుని మా పేరుతోనే అమ్ముకుంటాడు. అందుకని గది చివర ఒక ఇనప తొట్టిలో నీళ్లు మరుగుతూ ఉంటాయి, పొట్లాలు చించి గింజలు అందులో పోస్తారు. ఆ పని చేసే పెద్దావిడని అందరం తొట్టి పిన్ని అంటాం. నా పార్సిల్ వస్తే పక్కన పెట్టమని ఆవిడ చెవిలో వేశాను. ఆ తొంభై నేనే కట్టి మళ్లీ పంపించుకుందామని జేబులో పెట్టుకుని తిరిగాను.

ఒకరోజు మధ్యాహ్నం పిన్ని చెయ్యి ఊపింది. నేను వెళ్లేసరికి మావయ్య అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చిన సరుకు చూడటానికి వారానికోసారి వస్తాడు. పార్సిల్ ఆయన చేతిలో ఉంది, పైన నాన్న చిరునామా నా చేతిరాతలో ఉంది.

"తొంభై కోసం వెనక్కి కొట్టాడా?" అన్నాడు.

"నేను కడతాను సార్."

"నువ్వెందుకు కట్టడం? మీ నాన్న నా మొహాన కొట్టాడు, నువ్వు తుడుస్తావా?"

గదిలో చేతులన్నీ ఆగిపోయాయి. నేను నియమం తప్పి, "మావయ్యా, అది అమ్మది" అన్నాను.

ఆ మాటకి ఆయన కరిగాడు. కళ్లు తడయ్యాయి కూడా, అబద్ధమెందుకు చెప్పాలి. పొట్లం చించి గింజలు అరచేతిలో పోసుకున్నాడు. "మా అక్క చిక్కుడు ఇది. నా చేతులతో నేనే తెచ్చిస్తాను. ఒక్కసారి ఫోన్ చేసి బావని అడగమను. ఒక్క మాట. అంతే."

నాన్నకి ఫోన్ కలిపాను. పెద్దగా వినపడేలా పెట్టమని మావయ్య సైగ చేశాడు. అక్కడే ఆపేసి ఉంటే బావుండేదని ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు.

"నాన్నా, గింజలు మావయ్య చేతిలో ఉన్నాయి. ఇవ్వమని ఒక్క మాట అడుగు, చాలు."

నాన్న గొంతు గదంతా వినపడింది, "నా పెళ్లాం గింజలు నేను అడుక్కోవాలా? వాడికి ఇవ్వాలని ఉంటే ఇవ్వమను, లేకపోతే ఉడకబెట్టుకు తినమను."

మావయ్య తొట్టి మీదే అరచెయ్యి బోర్లించాడు.

గింజలు నీళ్లలో పడ్డ చప్పుడు కూడా పెద్దగా లేదు. పడగానే ఆయన ఉలిక్కిపడి తొట్టిలో చెయ్యి పెట్టబోయాడు. ఆవిరి తగిలి వెనక్కి తీసుకున్నాడు. నేను పెట్టాను. అడుగున దొరికినన్ని దొరికాయి, మిగతావి పిన్ని గరిటెతో తీసింది. తోలు ముడతలు పడి అప్పటికే ఉబ్బాయి. చేతిరుమాల్లో మూటగట్టుకున్నాను. సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ మూట విప్పి, ఉడికిన గింజలు చూసి, నా బొబ్బలెక్కిన వేళ్లు చూసి, పొమ్మన్నాడు. ఉడికినవి తీసుకెళ్తే దొంగతనం కాదు.

నాన్న మూట విప్పి చూశాడు. "వేడినీళ్లలో పడ్డాయి నాన్నా" అన్నాను. "తెలుస్తోంది" అన్నాడు. అయినా తవ్విన మడిలో వేలితో గుంటలు చేసి, ఒక్కో గింజా పెట్టి, మట్టి కప్పాడు. అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం మగ్గుతో నీళ్లు పోస్తున్నాడు. మానమని చెప్పే నోరు నాకు రాలేదు. మావయ్య ఫోన్ చేయలేదు, ఈయనా చేయలేదు. పనిలో నేను సార్ అంటూనే ఉన్నాను.

జీతం రోజున క్యాషియర్ డబ్బు లెక్కపెట్టి నా ముందుకు తోశాడు. "నూట ఎనభై తగ్గించానమ్మా."

"దేనికి?"

"ఆ చిక్కుడు పార్సిల్. షిప్పింగు, హ్యాండ్లింగు, రానూపోనూ. సిబ్బంది పంపించింది తిరిగొస్తే సిబ్బంది మీదే వేస్తుంది మిషన్."

"సార్‌కి తెలుసా?"

"సంతకం ఆయనదే. చూసి పెట్టారో, చూడకుండా పెట్టారో నాకు తెలీదు."

ఇంటికి వచ్చేసరికి నాన్న మడి దగ్గరే ఉన్నాడు. దాచాలనుకోలేదు, చెప్పేశాను. తొంభై వద్దన్నావు, నూట ఎనభై అయిందని కూడా అన్నాను. గుచ్చుకునేలాగే అన్నాను. నాన్న నొచ్చుకున్నట్టు కనపడలేదు.

"షిప్పింగంటే తెలుసు. హ్యాండ్లింగంటే ఏంటమ్మా?"

"చేతుల పని. తూచి, పొట్లం కట్టి, అంటించినందుకు."

"ఆ పొట్లం కట్టింది నువ్వేగా."

"నేనే."

నాన్న నా కుడిచెయ్యి పట్టుకుని వేళ్లు విప్పి చూశాడు. బొబ్బలు మాని కొత్త చర్మం ఎర్రగా వస్తోంది.

"మీ అమ్మ చేసిన పనీ ఇలాగే నాకు కనపడలేదు" అన్నాడు. చెయ్యి వదిలేసి, మగ్గులో మిగిలిన నీళ్లు ఏమీ మొలవని ఆ మట్టి మీదే పోసి, లోపలికి వెళ్లాడు.