ఖాళీగా వదిలిన చలికాలం

పళ్ల డాక్టరు చేతికి ఆ వీధిలో మంచి పేరుంది. ఆవిడ పన్ను పీకిన సంగతి నాలుకతో తడుముకుంటే గాని తెలియదని జనం చెప్పుకునేవారు. అంత నేర్పరికీ లొంగని మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆమె చెల్లెలు. చిన్నప్పటినుంచీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. పెద్దయ్యాక, పూర్వకాలంలో సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో ఆల్చిప్పల్ని బట్టి తేల్చే ల్యాబ్‌లో పరిశోధనకు చేరింది. అప్పటినుంచీ అక్క ఆమెను 'చిప్పలమ్మా' అనే పిలిచేది.

ఒక ఆదివారం పొద్దున్నే చిప్పలమ్మ చేతిలో తువ్వాలు మూటతో క్లినిక్‌కి వచ్చింది.

"అక్కా, నీ డ్రిల్లు కావాలి. దాంతోపాటు నీ చెయ్యీ కావాలి."

"ఎవరి పళ్లకే?"

మూట విప్పితే, గాజుపలక మీద అంటించిన ఆల్చిప్ప ముక్క. వేల ఏళ్ల కిందటిది. నిలువునా కోసిన ఆ ముక్కలో వెంట్రుకల్లాంటి గీతలు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా ఉన్నాయి.

"లోపలి జీవి బతికున్నన్నాళ్లూ చిప్పని పెంచుకుంటూ పోతుందక్కా. ఆ పెరిగిన గుర్తులే ఇవి. చిప్ప కట్టుకోవడానికి నీళ్లలోని ఆక్సిజన్ వాడుకుంటుంది. అందులో తేలికది, బరువైనది అని రెండు రకాలు. నీళ్లు చల్లబడితే చిప్పలోకి బరువైనది కాస్త ఎక్కువ చేరుతుంది. ఒక్కో గీత దగ్గర ఆవగింజంత పొడి గీకి మెషిన్లో పెడితే, ఆ రోజుల్లో నీళ్లెంత చల్లగా ఉన్నాయో లెక్క తేలుతుంది."

"మీ ల్యాబ్‌లో డ్రిల్లుకి కరువొచ్చిందా?"

"ఉంది, గునపంలాంటిది! ఎండాకాలం గీకబోతే పక్కనున్న చలికాలం కూడా ఊడొస్తోంది. రెండూ కలిసిపోయి ఏడాది పొడుగునా ఒకటే వేడి అని చూపిస్తోంది. ఆ కాలంలో సముద్రానికి ఋతువులే లేవేమో అంటున్నారు మా సారు. నేను ఒప్పుకోను."

"నువ్వెప్పుడు ఎవరి మాట ఒప్పుకున్నావు గనక!" అంటూనే అక్క చేతులు కడుక్కుంది.

అలవాటుకొద్దీ ఆమె పాదం నీళ్లు చిమ్మే మీట మీదికి పోయింది.

"నీళ్లొద్దు! పొడి కొట్టుకుపోతుంది. స్పీడూ వద్దు. వేడెక్కితే పొడి గుణమే మారిపోయి అబద్ధం చెబుతుంది."

"ఊపిరైనా పీల్చుకోవచ్చా తల్లీ?"

"పీల్చుకో. చిప్ప మీద మాత్రం వదలకు."

ముందు ఈమధ్యే రేవులో దొరికిన చిప్ప మీద చెయ్యి సరిచూసుకున్నారు. రేవులో నీళ్ల వేడిని రోజూ కొలిచి రాసిపెడతారు. చిప్ప చెప్పింది దానితో సరిపోయింది. అప్పుడు గాని అక్కని పాత చిప్ప మీద చెయ్యి వేయనివ్వలేదు చెల్లెలు.

ఆదివారాలన్నీ దానికే పోయాయి. అక్క మెడ పట్టేసింది. "ఆ చిప్పకున్న అదృష్టం మాకు లేదు" అని బావ సణిగాడు. అయినా అక్కకి లోలోపల సరదాగానే ఉంది. గీతకీ గీతకీ మధ్య డ్రిల్లు మొన ఆనించి, ఇది చలికాలం, ఇది ఎండాకాలం అని పైకే అనుకుంటూ గీకేది.

చివరి వరసలో ఒక సన్నని చలికాలపు గీత దగ్గర కాస్త తొందరపడింది. కాలిన వెంట్రుక వాసన సన్నగా తగిలింది. పళ్ల డాక్టరుకి ఆ వాసన కొత్త కాదు. డ్రిల్లు టక్కున ఆపింది. చెల్లెలు ఆ పొడిని చెత్తబుట్టలో పోసింది. మళ్లీ గీకుదామంటే ఆ గీతలో ఇక ఏమీ మిగల్లేదు.

అక్కకి తల కొట్టేసినట్టయింది. "అటూ ఇటూ ఉన్న చలికాలాలు చూసి మధ్యలో ఒక అంకె వేసెయ్యవే. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడలేదు కాబట్టే వేయకూడదక్కా. ఆ సముద్రాన్ని చూసినవాళ్లు ఇప్పుడెవరున్నారు? మనం ఏం చెబితే అదే నమ్మాలి అందరూ."

అక్క డ్రిల్లు మొన తుడిచి తర్వాతి గీత మీదికి వంగింది.

ఫలితాలు వివరించే రోజు అక్కాబావలు హాలులో వెనక వరసలో కూర్చున్నారు. తెర మీద గీత అలలా లేచి పడుతోంది. ఆ కాలపు ఎండాకాలాలు ఇంచుమించు ఇప్పటిలాగే ఉన్నాయట. చలికాలాలు మాత్రం ఇప్పటికన్నా బాగా చల్లగా ఉండేవట. ఋతువులు లేని సముద్రం కాదది. అలలో ఒకచోట మాత్రం గీత తెగిపోయి ఉంది.

ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ చెయ్యెత్తింది. ఆవిడ ప్రశ్న వేస్తే ఎంతటివాళ్లకైనా చెమటలు పడతాయని పేరు.

"అక్కడ ఖాళీ ఎందుకుంది?"

"ఆ పొడి వేడెక్కిందండీ. పారేశాం."

"ఎవరు గీకారు?"

చెల్లెలు వెనక వరస వైపు చూసింది. అక్క లేచి నిలబడింది. "నేనేనండీ. వాళ్లక్కని. పళ్ల డాక్టర్ని."

హాలంతా గొల్లున నవ్వింది. పెద్దావిడా నవ్వింది. "మిగతావన్నీ బంగారంలా గీకారమ్మా" అని, చెల్లెలి వైపు తిరిగి, "ఆ ఖాళీ చూశాకే నాకు మిగతాదంతా నమ్మాలనిపించింది" అంది. పక్కనే ఉన్న సారు లేచాడు. "ఋతువులు లేవేమో అన్నది నేనే. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను" అని ముందుగా చప్పట్లు కొట్టాడు.

అక్క అయితే ఆ అంకె వేసేసి ఉండేది. ఈ పిల్ల వేయలేదు. దీన్నా తాను ఇన్నాళ్లూ మొండిఘటమని తిట్టింది! "మా చెల్లెలండీ" అంది పక్క కుర్చీ ఆయనతో, ఆయన అడక్కపోయినా.

మర్నాడు క్లినిక్‌లో ఒక పెద్దమనిషి నోట్లో దూది కుక్కాక అక్క మొదలుపెట్టింది. "మా చెల్లెలు ఏం చేసిందో తెలుసా అండీ?"

"ఊఁ" అన్నాడాయన.

ఊఁ అన్నాడంటే చెప్పమనేగా అని, చిప్ప కోసిన దగ్గర్నుంచి చప్పట్ల దాకా పూస గుచ్చినట్టు చెప్పింది. పన్ను పని ఎప్పుడో అయిపోయింది. దూది మాత్రం చెప్పడం పూర్తయ్యాకే తీసింది.